బంకు కింది నీటిని బాగుచేసే పనితనం
మూతపడిన పెట్రోలు బంకులో తుప్పుపట్టిన ట్యాంకు నుంచి కారిన ఇంధనం భూగర్భజలంపై తెట్టులా తేలుతుంది. అందులోని బెంజీన్ నీటిలో కరిగి పక్క బావులకు పాకుతుంది. అమెరికాలోని శాంటా మోనికా నగరం 1996లో ఎంటీబీఈ అనే పెట్రోలు రసాయనం వల్ల తన తాగునీటి బావుల్లో చాలావాటిని మూసేయాల్సి వచ్చింది.

ఇలా పాడైన నీటి శుద్ధిలో ముందుగా మెచ్చుకోవాల్సింది నమూనాలు తీసేవారి చేతి నేర్పు. 40 మిల్లీలీటర్ల గాజుసీసాను నీరు అంచుపై ఉబ్బేదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి, వేలితో తట్టి చూస్తారు. గాలిబుడగ కనిపిస్తే మళ్లీ తీయాల్సిందే; బెంజీన్ ఆ బుడగలోకి ఆవిరైపోతుంది. ఈ ఓపిక లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా గుడ్డిదే. తర్వాత మట్టిలోని ఆవిరిని పంపులతో లాగుతారు, నీటిని తోడి ఉత్తేజిత బొగ్గు గుండా పంపుతారు. మిగిలినదాన్ని నేలలోని బ్యాక్టీరియా నెమ్మదిగా తినేస్తుంది. అమెరికా తాగునీటిలో బెంజీన్‌కు అనుమతించిన పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు.