పైపొర చెప్పే మాట

గేర్ తెచ్చి బల్ల మీద పెట్టి "సార్, దీంట్లో స్ట్రెస్ ఎంతుందో చూసి చెప్పండి" అంటారు. జ్వరం ఎంతుందని అడిగినంత తేలిగ్గా. ఎక్కడ కొలవాలి, ఏ దిశలో, ఎంత లోతున అని నేను ఎదురు ప్రశ్నలు వేస్తే విసుక్కుంటారు. ఆ మూడూ తేలకపోతే మిషన్ ఇచ్చే అంకెకు అర్థం లేదు.

ఎర్రగా కాలిన ఉక్కును నూనెలో ముంచితే పైపొర ముందు చల్లారుతుంది, నడిభాగం తర్వాత. పైగా ఉక్కు వేడి రూపమైన ఆస్టెనైట్, గట్టి రూపమైన మార్టెన్‌సైట్‌గా మారేటప్పుడు ఉబ్బుతుంది. ఆ పెనుగులాట చల్లారాక కూడా లోపలే మిగిలిపోతుంది. కంటికి కనబడదు గానీ అణువరుసల మధ్య ఎడం మారుతుంది. మేం ఎక్స్-రేతో కొలిచేది ఆ ఎడాన్నే.

క్రోమియం ఎక్స్-రే ట్యూబు వాడితే ఉక్కు నుంచి తిరిగొచ్చే కిరణాల్లో మాకు కావలసిన శిఖరం, అంటే అవి గట్టిగా వచ్చే కోణం, 156 డిగ్రీల దగ్గర వస్తుంది. అంత పెద్ద కోణానికి పోవడానికి కారణముంది. అణువరుసల ఎడం వెయ్యోవంతు మారితే అక్కడ శిఖరం సుమారు అర డిగ్రీ జరుగుతుంది. 45 డిగ్రీల దగ్గరి శిఖరమైతే అందులో పదోవంతు కూడా కదలదు. చిక్కేమిటంటే, మెత్తని ఇనుములో సన్నగా నిలబడే ఈ శిఖరం గట్టిపరిచిన ఉక్కులో కొన్ని డిగ్రీల మేర పరుచుకుపోతుంది. అంత వెడల్పులో నడిమధ్య ఎక్కడో తేల్చి, అర డిగ్రీకి లోపు కదలికను పట్టుకోవాలి. తొందరపడి ఎక్స్‌పోజర్ తగ్గిస్తే అంకె వస్తుంది, నమ్మకం రాదు.

కిరణం వాలును మార్చుకుంటూ ఇటూ అటూ పలుమార్లు కొలుస్తాం. వాలు కోణపు సైన్ వర్గానికి ఎదురుగా ఎడాన్ని గీస్తే వచ్చే గీత ఏటవాలే స్ట్రెస్ చెబుతుంది. స్ట్రెస్ లేని ఉక్కులో ఎడం ఎంతో కచ్చితంగా తెలియకపోయినా పని నడుస్తుంది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది అదే. గ్రైండింగ్ చేసిన ముఖం మీద మాత్రం ఒక్కోసారి ప్లస్ వాలు చుక్కలు ఒక దారి, మైనస్ వాలు చుక్కలు ఇంకో దారి పడతాయి. చక్రం పైపొరను ఈడ్చుకెళ్లిన గుర్తు అది. ఒకవైపే కొలిచి ఊరుకున్నవాళ్లకు అది దొరకదు.

ఇంతా చేసి కిరణం దిగేది ఐదు మైక్రాన్లు. గ్రైండింగ్‌లో కాలిన గేరుకు ఆ తర్వాత షాట్ పీనింగ్, అంటే చిన్న గుండ్లతో పైపొరను కొట్టడం, చేశారనుకోండి. పైన మైనస్ 600 మెగాపాస్కల్స్ వస్తే అందరూ సంబరపడతారు. మైనస్ అంటే ఒత్తిడి, పగుళ్లు తెరుచుకోనివ్వదు. కానీ కింద వంద, నూటయాభై మైక్రాన్ల తర్వాత ఉక్కు బిగలాగి ఉండొచ్చు. పగులు పుట్టేది అక్కడే.

అందుకని పొరపొరగా దిగాలి. ఆకురాయితో కాదు, అది కొత్త స్ట్రెస్ పెడుతుంది. చిక్కటి ఉప్పునీళ్లలో కరెంటు పంపి, పాతిక మైక్రాన్ల చొప్పున కరిగించి, డయల్ గేజ్‌తో లోతు చూసి, మళ్లీ కొలుస్తాం. పొర తీసేసరికి కిందిది కాస్త సడలుతుంది కాబట్టి 1958లో మూర్, ఎవాన్స్ ఇచ్చిన సవరణ కలుపుతాం. పూటంతా పడుతుంది.

ఫీజు తగ్గుతుందని పై అంకె ఒక్కటే అడిగేవాళ్లకు నేను చెప్పేదొకటే: పీనింగ్‌కు ముందే నైటాల్ (నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్) రాసి కాలిన మచ్చలున్నాయేమో చూసుకోండి. డబ్బు మిగులుతుంది, నా దగ్గరికి రావలసిన పనీ ఉండదు.