సింగపూర్ వెళ్ళిన మన పాటగాళ్ళు

ఈ చిన్న పుస్తకానికి ముందుమాట కావాలని మా సూళ్ళూరుపేట కుర్రవాడు అడిగాడు. నాకు మనవడి వరస. పొద్దస్తమానం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇంగ్లీషు బ్యాండ్లు వినే పిల్లవాడు. అటువంటివాడు 1979 నాటి 'అందమైన అనుభవం' పాటల మీద ఇంత శ్రద్ధగా పుస్తకం రాశాడంటే నాకు పట్టలేనంత ఆనందం కలిగింది. అందుకే, పాటంటే ప్రాణం పెట్టే మీ అందరికీ ఆ సినిమాలోని బృందాన్ని మనసారా సిఫారసు చేస్తున్నాను.

కె. బాలచందర్ ఆ సినిమాను తెలుగులోనూ, 'నినైత్తాలే ఇనిక్కుం' పేరుతో తమిళంలోనూ తీశారు. పాటలు పాడుకునే కుర్రాళ్ళు సింగపూర్ వెళ్ళి కచేరీలు చేయడం కథ. కమల్ హాసన్, రజనీకాంత్, జయప్రద నటించారు. సంగీతం ఎమ్మెస్ విశ్వనాథన్. తమిళంలో కణ్ణదాసన్, తెలుగులో ఆత్రేయ పాటలు రాశారు. సినిమా కోసం పుట్టించిన బృందాన్ని నిజమైన బ్యాండు లెక్కన ఎలా వింటామని అడగవచ్చు. 1966లో ఊరూరా కచేరీలు మానేసిన బీటిల్స్, మరుసటి ఏడు 'సార్జెంట్ పెప్పర్' రికార్డు కోసం రంగురంగుల దుస్తులు తొడిగి లేని బ్యాండొకటి కల్పించుకున్నారు. వినేవాణ్ణి మరో లోకంలోకి తేల్చే సైకెడెలిక్ పాప్ అనగానే లోకం ముందుగా చెప్పుకునే రికార్డుల్లో అదొకటి. వేషం కట్టి పాడటం ఆ సంగీతంలో మొదటినుంచీ ఉన్నదే. మన నాటకాల వాళ్ళకు అది కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

నేను ముఖ్యంగా చెప్పదలచింది ఆ సంగతే. ఈ పాటలకు తెలుగు ప్రాణం పోసిన ఇద్దరూ అప్పటి మా నెల్లూరు జిల్లావాళ్ళు, ఇద్దరూ రంగస్థలం నీడలో పెరిగినవాళ్ళు. ఆత్రేయ అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో 1921లో పుట్టారు. సినిమాలకు పాటలు రాయడం 1951లో 'దీక్ష'తో మొదలుపెట్టారు గాని, అంతకుముందే ఆయన నాటకకర్త. 'ఎన్.జి.ఓ.', 'కప్పలు', 'విశ్వశాంతి' రాసిన చెయ్యి అది. పాత్ర ఎవరు, ఎదురుగా ఉన్నది ఎవరు, ఇప్పుడు గొంతు ఎందుకు లేచింది అన్నది తేల్చుకోనిదే ఆయన పల్లవి కదలదు. ఆయన పాట చదివినా సంభాషణ వింటున్నట్టే ఉంటుంది.

ఇక పాడిన బాలు (ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం). నెల్లూరులో హరికథలు చెప్పిన సాంబమూర్తి గారి కొడుకు. హరికథకుడు ఒక్కడే రాజవుతాడు, రాణి అవుతాడు, మరుక్షణం విదూషకుడై నవ్విస్తాడు. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, అంతే సరంజామా. ఆ ఇంట్లో పెరిగిన గొంతు కనకనే బాలు పాట మధ్యలో నవ్వినా, వెక్కినా, ఊపిరి బిగబట్టినా అతికించినట్టు ఉండదు. 1979లోనే వచ్చిన 'ఇది కథ కాదు'లో బొమ్మతో మాట్లాడే పాట వినండి, నా మాట నిజమో కాదో తేలిపోతుంది. ఆ హరికథల చదువంతా 'కుర్రాళ్ళోయ్ కుర్రాళ్ళు' పాటలో బయటపడింది. వేదిక మీద నిలబడి వేలమందిని లేపే పాట అది. అందులో బాలు పాడుతున్నంతసేపూ జనాన్ని చూస్తూనే ఉన్నాడనిపిస్తుంది, స్టూడియో గోడలు గుర్తుకు రావు.

విశ్వనాథన్ గారి పనిని మా మనవడు బాగా పట్టుకున్నాడు. ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ములు, గొంతు వెనక ప్రతిధ్వని, ఇవన్నీ అప్పటికే మన సినిమాల్లో ఉన్నాయి. కాని ఎక్కువగా వాటిని ప్రతినాయకుడి డెన్నుకీ, క్లబ్బు డాన్సుకీ, మత్తులో తూలే సన్నివేశానికీ కట్టబెట్టారు. ఆ మోత వినబడితే ఎవడో చెడిపోతున్నాడని లెక్క. 'అందమైన అనుభవం'లో అదే మోత కథానాయకుడి ఊపిరయింది. సంతోషానికీ, స్నేహానికీ, ప్రేమకూ పనికివచ్చింది. తెలుగులో ఈ సినిమా చేసిన పెద్ద మేలు అదని నా నమ్మకం.

'శంభో శివ శంభో' దగ్గర కాస్త ఆగాలి. తమిళంలో దాన్ని విశ్వనాథన్ గారే పాడారు. పడమటి దేశాల హిప్పీలు శివుణ్ణి తలుచుకుంటూ మన దేశానికి వచ్చిన కాలం ఇంకా పూర్తిగా పోలేదు. రజనీకాంత్ మీద తీసిన ఆ పాటకు తెలుగు మాటలు రాస్తూ ఆత్రేయ ఏకంగా వేమనను పిలుచుకొచ్చారు. గిటారు మోత నడుమ, కుర్రాళ్ళ కేరింతల నడుమ, జగమంతా మాయ అన్న వేమన మాట! బైరాగి తత్వాలు విన్న చెవికి ఇందులో వింత ఏమీ లేదు. తత్వాలు పాడేవాడూ తాళం మీద తాళం వేసి, మనిషిని ఉన్నచోటునుంచి కాస్త పైకి లేపాలనే చూస్తాడు. సైకెడెలిక్ సంగీతం కోరేదీ అదే. అనువదించే పాటలో అంత దగ్గరి చుట్టాన్ని వెతికి పట్టడం ఆత్రేయకే చెల్లింది.

ఈ సినిమా వచ్చిన 1979లోనే, ఆగస్టు 10న మా పక్కన శ్రీహరికోట నుంచి మొదటి ఎస్సెల్వీ-3 రాకెట్టు లేచింది. ఆ రోజుల్లో మా తీరం కుర్రాళ్ళ నోట రెండే మాటలు: ఒకటి రాకెట్టు, రెండు కమల్ హాసన్ గిటారు. పెళ్ళి పందిట్లో మైకుసెట్టువాడు ఈ రికార్డు వేయకపోతే పెళ్ళికొడుకు తరఫువాళ్ళు అలిగేవాళ్ళు.

పుస్తకంలో ఒక్కచోట మనవడితో నాకు పేచీ ఉంది. పెద్ద పాటలన్నిటికీ పేజీలు పేజీలు ఇచ్చి, మధ్యమధ్య వచ్చే చిన్న ముక్కపాటలను రెండు మాటల్లో దాటేశాడు. నాటకంలో ప్రవేశానికీ నిష్క్రమణకూ పాట ఉన్నట్టే ఇక్కడ అవి కథను నడుపుతాయి. నాయిక జబ్బు మనిషి. కేన్సరని తెలిశాక, అంతకుముందు విన్న ఉల్లాసమంతా వేరే రంగులో కనబడుతుంది. విడివిడిగా హిట్ పాటలు ఏరుకుని వింటే ఈ సంగతి అందదు. రెండో ముద్రణలో ఆ ముక్కపాటలకూ చోటు ఇవ్వాలి, నాన్నా.

పాఠకులకు నా మనవి ఏమంటే, మొదట 'కుర్రాళ్ళోయ్ కుర్రాళ్ళు' వినండి, గట్టిగా పెట్టుకుని, నలుగురు కలిసి. తర్వాత 'శంభో శివ శంభో'. ఆ పైన సినిమా మొదటినుంచి చివరిదాకా చూసి, పాటలన్నీ వరస తప్పకుండా మళ్ళీ వినండి. అప్పుడు ఈ పుస్తకం తెరవండి. రాసిన చిరంజీవికి నా ఆశీస్సులు. ఆత్రేయ నాటకాల మీద కూడా ఇటువంటి పుస్తకమే రాస్తానని నాకు మాట ఇచ్చాడు. మీరంతా సాక్షులు.