చిత్రాంగి మేడా, అత్తగారి పద్దుల పుస్తకమూ

మా రాజమండ్రిలో చరిత్రకేం కొదవ లేదు. స్టేషన్‌లో ఆటో ఎక్కితే చాలు, "రాజరాజ నరేంద్రుడి ఊరండీ ఇది" అని దిగేలోగా ఒక్కసారైనా వినిపిస్తుంది. అలాంటి ఊళ్ళో ఒక చరిత్ర సంఘం ఉండటంలో వింతేముంది? దాని పేరు చెప్పను. సభ్యులంతా రేపు కూరల మార్కెట్లో నాకు ఎదురుపడేవాళ్ళే. నెలకో ఉపన్యాసం, అప్పుడప్పుడూ పాత కట్టడాల చుట్టూ కాలినడక, ఏడాదికోసారి పాత వస్తువుల ప్రదర్శన - ఇవీ వాళ్ళ కార్యక్రమాలు. ఏడాదిగా దాదాపు అన్నిటికీ వెళ్తున్నాను. "నవలలు రాసుకునేదానివి, నీకక్కడేం పని?" అన్నారు మావారు. టీ బాగుంటుందన్నాను.

ముందు మంచిమాట చెప్పాలి. శాసనాల మీద మాట్లాడిన రిటైర్డ్ లెక్చరర్‌గారి ఉపన్యాసం నిజంగా బాగుంది. రాజరాజు పట్టాభిషేకం 1022లో అని మనమంతా చిన్నప్పుడు బట్టీపట్టినవాళ్ళమే. కానీ ఆ సంగతి ఎలా తెలిసింది? కోరుమిల్లి రాగిరేకుల్లో శక సంవత్సరం 944 అని ఉంది. దానికి 78 కలపండి అని బల్లమీద సుద్దముక్కతో లెక్క వేసి చూపించారాయన. పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళయిన సందర్భంలో, 1922లో, ఈ ఊళ్ళోనే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టిందనీ చెప్పారు. తెలిసింది ఎలా తెలిసిందో చెప్పే వక్తని వినడం ఎంత హాయి!

ఆ హాయి నెల్లాళ్ళు కూడా నిలవలేదు. తరవాతిది కాలినడక. చిత్రాంగి మేడ దగ్గర అందర్నీ నిలబెట్టి, పావురం వెతుక్కుంటూ సారంగధరుడు వచ్చిందిక్కడే, సవతితల్లి మనసుపడిందిక్కడే అని పూసగుచ్చినట్టు చెప్పారు. కథ బాగుంది, కాదనను. కవులు కావ్యాలు రాశారు, నాటకాలు ఆడారు, గురజాడ కూడా కుర్రతనంలో, 1883లో, ఇంగ్లీషు పద్యాల్లో రాశాడు. కానీ శాసనాలకి తెలిసిన రాజరాజు కొడుకు రాజేంద్రుడు. అమ్మంగదేవి కడుపున పుట్టి, 1070లో కులోత్తుంగుడన్న పేరుతో చోళ సింహాసనం ఎక్కినవాడు. "మనవాళ్ళు ఇలా చెప్పుకుంటారు" అన్న ఒక్కమాట చేర్చి ఉంటే ఏం పోయింది? కథలు అల్లి పొట్టపోసుకునేదాన్ని, నాకు కథమీద కోపమెందుకుంటుంది? కథకి చరిత్ర చొక్కా తొడిగినందుకే. పాపం, చిత్రాంగి ఉందో లేదో ఎవరికీ తెలియదు గానీ నింద మాత్రం గోడలతో సహా మిగిలింది!

వీరేశలింగంగారి మీద సభ మరో తమాషా. గంటంపావు ఉపన్యాసం. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం, ఎవరు సాయం చేశారు, ఎవరు వెలివేశారు, 1890లో టౌన్‌హాలు - అన్నీ వచ్చాయి. పెళ్ళికూతురి పేరు రాలేదు. గౌరమ్మ. వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ మానేస్తే రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరి నీళ్ళు మోసుకొచ్చి వండిపెట్టిన సంగతీ రాలేదు. ఆ బిందెలు మోయకపోతే ఆ పెళ్ళి భోజనాలు ఎలా జరిగేవంటారు? అడుగుదామని లేచాను. అధ్యక్షులు గడియారం చూసి వందన సమర్పణ అన్నారు.

సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లోనే 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అచ్చువేయించారు. మనవాళ్ళు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని కావ్యాలన్నీ జల్లెడ పట్టారాయన. 1955లో తెలుగుకి వచ్చిన తొలి సాహిత్య అకాడెమీ బహుమతి ఆ పుస్తకానికే. సంఘంవారి బీరువాలో అది ఉంది. అట్ట నలగలేదు.

ఇక ప్రదర్శన. కత్తులూ, తాళపత్రాలూ, ఒక గ్రామఫోనూ వచ్చాయి. మా వీధి చివర మామ్మగారొకరు తువ్వాలులో చుట్టి ఒక పొడుగాటి పుస్తకం తెచ్చారు. వాళ్ళ అత్తగారి ఇంటిపద్దులట. కట్టెలు, కిరసనాయిలు, చాకలి పద్దు, ఒక పురిటిఖర్చు. నిర్వాహకుడు రెండు పేజీలు తిప్పి, ఎంతో మర్యాదగానే, "ఇవి ఇంటిపద్దులు మామ్మగారూ, చరిత్ర కిందికి రావు" అన్నాడు. ఆవిడ మళ్ళీ తువ్వాలు చుట్టుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. నోట్లో టీ ఉంది. ఏమీ అనలేదు.

అంతకు రెండు నెలల ముందే 1953 గోదావరి వరదమీద ఒక ఇంజనీరుగారు పటాలతో సహా మాట్లాడారు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఎంత ఎత్తు లేచాయో చెప్పారు. ఊళ్ళో జనం ఆ రోజుల్లో పొయ్యి ఎలా వెలిగించుకున్నారని ఎవరో అడిగితే, దానికి ఆధారాలు లేవన్నారు.

వారం ఆగి సిగ్గుపడుతూనే మామ్మగారింటికి వెళ్ళాను. పుస్తకం పెరట్లో మంచంమీద ఎండకి పెట్టారు. విజయ నామ సంవత్సరం, శ్రావణం పేజీ తీయించాను. పెన్సిలు రాత. 'వరద. అరుగుమీదికి నీళ్ళు. పాలు లేవు. కట్టెలు తడిసె. అటుకులు పక్కింటివారివి, బాకీ.' కింద ఆ బాకీ తీర్చిన తేదీ.

"జిరాక్సు తీయించి తెచ్చిస్తాను మామ్మగారూ" అన్నాను.

"గడప దాటనివ్వనమ్మా. ఒకసారి దాటించి చూశాగా. కావాలంటే ఇక్కడే కూచుని రాసుకో" అన్నారు.

నాలుగు మంగళవారాలు వెళ్ళాను. ఇంకా భాద్రపదం దాకా రాలేదు. అత్తగారి చేతిరాత కొంచెం కష్టం, పైగా ప్రతి పద్దుకీ మామ్మగారు ఒక కథ చెబుతారు. అవి వేరే నోటుబుక్కులో రాసుకుంటున్నాను.