145 మిల్లీబార్ల తప్పు

గడచిన దినమునకు జోస్యము చెప్పువాడు తప్పునా? బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు లూయిస్ రిచర్డ్‌సన్ తప్పెను! 1910 మే 20 నాటి ఐరోపా వాతావరణమును ఆయన కొన్నేండ్ల తరువాత సమీకరణములతో గణించెను. ఆరు గంటల మార్పునకు ఇంచుమించు ఆరు వారముల లెక్క! గాలి పీడనము 145 మిల్లీబార్లు పెరుగునని తేలెను. నిజమునకది దాదాపు కదలలేదు. తుపానులన్నిటిలో అతి తక్కువ పీడనము నమోదైన 1979 నాటి టిప్‌లో సైతము తగ్గుదల సుమారు 143 మాత్రమే.

అయినను 1922లో వెలువడిన తన గ్రంథమున ఆయన ఈ తప్పును దాచలేదు. తొలి గాలుల కొలతలే కారణమని ఊహించెను. ఊహ సరియే. తరువాతివారు గాలికిని పీడనమునకును పొంతన కుదిర్చి అదే లెక్క వేయగా, మార్పు ఒక్క మిల్లీబారునకు లోపే వచ్చెను. నేటి కంప్యూటరు సూచనలకు మూలము ఆ పద్ధతియే. తప్పిన లెక్కను చెరిపివేయు విద్యార్థి ఈ గ్రంథమును తలచుకొనవలెను.