ఇంటిపేరు చెప్పే పుప్పొడి

మాఘమాసం దాటేసరికి అచ్చంపేట నుంచి మన్ననూరు వైపు వెళ్లే దారిలో బూరుగు చెట్లు ఆకు రాల్చి ఎర్రగా పూస్తాయి. అందరూ పూలు చూస్తారు. నేను విచ్చుకోబోయే మొగ్గ కోసం వెతుకుతాను. విచ్చిన పూవులోకి తేనెటీగలు అప్పటికే వేరే చెట్ల పుప్పొడి మోసుకొచ్చి ఉంటాయి.

మొగ్గలోని పుప్పొడిని తొమ్మిది పాళ్ల ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, ఒక పాలు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడి చేస్తాం. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ ఎర్ట్‌మన్ చూపిన దారి ఇది. లోపలి పదార్థమంతా కరిగిపోతుంది. స్పోరోపొలెనిన్‌తో కట్టిన పైగోడ చెక్కుచెదరదు. దాని మీది నగిషీ అప్పుడు విడివిడిగా కనిపిస్తుంది.

బూరుగు రేణువు మూలలు గుండ్రబడ్డ త్రికోణంలా ఉంటుంది. ఒంటినిండా వల అల్లిక, అంచుల్లో మూడు చీలికలు. మందారం రేణువు గుండ్రంగా, ఒళ్లంతా ముళ్లతో, మిల్లీమీటరులో పదో వంతుకు మించి ఉంటుంది. పాత పుస్తకాల్లో ఈ రెండూ వేర్వేరు కుటుంబాలు. 1998 నాటి కొత్త వర్గీకరణ రెండింటినీ ఒకే కుటుంబంలో చేర్చింది. అయినా అందులో ఏ కొమ్మకు ఏది చెందుతుందో పుప్పొడి ఇప్పటికీ చూపుతూనే ఉంది. తుమ్మ, దిరిసెనల్లోనైతే రేణువులు విడిపోవు, ముద్దగా అతుక్కునే ఉంటాయి.

అయితే పుప్పొడి ఇంటిపేరు చెప్పినంత తేలిగ్గా సొంతపేరు చెప్పదు. నల్లమద్ది, తెల్లమద్ది, కరక, తాని నాలుగింటికీ చీలికలు మూడు, వాటి మధ్య ఉత్త గాడులు మూడు. వాటిని విడదీయాలంటే బెరడూ కాయా చూడాల్సిందే. పని మొదలుపెట్టే విద్యార్థికి నేను ముందు చెప్పే మాట ఇదే.

ఈ విద్య అడవికి నేరుగా అక్కరకొస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సి.జి.కె. రామానుజం, ఆయన శిష్యులు ఉమ్మడి రాష్ట్రంలోని తేనెల్లో పుప్పొడి వెతికి, ఈగలు ఏ మొక్కల దగ్గరికి వెళ్లాయో తేల్చారు. నల్లమలలో చెంచులు తీసే తేనెకూ అలాంటి సాక్ష్యం చూపించవచ్చు. ఏ చెట్లు నరికితే తేనె తగ్గుతుందో అప్పుడు ఆధారంతో మాట్లాడగలం.

అందుకు కావలసింది ఈ అడవి చెట్ల పుప్పొడి స్లైడ్లు. మన పల్లెల కాలేజీల్లోనే అవి తయారవాలి. ప్రతి స్లైడుకూ అదే చెట్టు కొమ్మను ఎండబెట్టి, చోటూ తేదీ రాసి జతచేయాలి. కొమ్మ లేని స్లైడును తర్వాతి తరం సరిచూసుకోలేదు.