అల్లుడు మంచోడే సార్

"పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య చనిపోతే చాలట, మొగుడికి జైలు ఖాయమట." ఈ వారం ఉప్పల్ మెట్రో మెట్ల మీద ఓ కుర్రాడు స్నేహితుడితో అంటుంటే విన్నాను. చదువుకున్నవాడిలాగే ఉన్నాడు. ఒళ్లు మండింది.

చట్టం అలా లేదు. వరకట్న మరణాల కోసం 1986లో ఐపీసీలో 304-బి, సాక్ష్యాల చట్టంలో 113-బి చేర్చారు. 2024 జూలై 1 నుంచి అవే భారతీయ న్యాయ సంహితలో 80, భారతీయ సాక్ష్య అధినియంలో 118 అయ్యాయి. వీటి కింద ప్రాసిక్యూషన్ మూడు విషయాలు చూపాలి. మరణం అసహజమని, పెళ్లయి ఏడేళ్లు కాలేదని చూపడం కష్టం కాదు. శుభలేఖ, పోస్టుమార్టం రిపోర్టు చాలాసార్లు సరిపోతాయి. చిక్కంతా మూడోదానితోనే. చావుకు కొద్ది ముందు ఆమెను కట్నం కోసం వేధించారని ప్రాసిక్యూషన్ చూపాలి. అది చూపాకే భారం నిందితుడి మీదికి మళ్లుతుంది. కొద్ది ముందంటే ముందు రోజే కానక్కర్లేదని, వేధింపుకీ చావుకీ లంకె తెగకుండా ఉండాలని 2021లో సుప్రీంకోర్టులో జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం తేల్చి చెప్పింది.

నేనెప్పుడూ పాడే పాట ఒకటే: కేసు నిలిచేదీ పోయేదీ శవ పంచనామా రాసే రోజునే.

తెలంగాణ రాకముందు, ఎల్బీనగర్ కోర్టులో, నేనింకా జూనియర్ లాయర్‌ని. నాచారం ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన బోనెక్కాడు. కూతురు పెళ్లయిన నాలుగో ఏట ఉరేసుకుంది. బండి కొనివ్వమని అల్లుడు కొట్టేవాడని, గాజులు కుదువపెట్టి డబ్బిచ్చామని పోలీసులకు చెప్పిన మనిషి, జడ్జిగారి ముందు "అల్లుడు మంచోడే సార్. పిల్లకి కడుపునొప్పి ఉండె" అన్నాడు. మన పంచనామాల్లో ఆ కడుపునొప్పికి ఎంతమంది ఆడపిల్లలు బలయ్యారో! పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గారు సాక్షి అడ్డం తిరిగాడని ప్రకటించి, పాత స్టేట్‌మెంట్ చదివి వినిపించారు. "నేనట్ల చెప్పలే." పోలీసులకిచ్చిన వాంగ్మూలం దానంతటది సాక్ష్యం కాదు. తల్లి కూడా అదే దారి. కేసు కొట్టేశారు.

వరండాలో ఆయన్ని పట్టుకుని కోప్పడ్డాను. ఆయన బెంచీ వైపు చూపించాడు. వియ్యపురాలి ఒళ్లో రెండేళ్ల మనవరాలు బిస్కెట్ తింటోంది. "పోరి ఆళ్ల తాన ఉంది సార్. నేను నోరిప్పితే రేపు దాన్ని సూడనియ్యరు."

కన్నవాళ్లు గట్టిగా నిలబడాలని రాద్దామనే ఈ వారం కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. బిడ్డను పోగొట్టుకుని, మనవరాలి కోసం అత్తింటి గడప తొక్కక తప్పని మనిషి మీద కేసు బరువంతా మోపడమే తప్పు.

ఆ కేసు సాక్షుల జాబితాలో తండ్రి, తల్లి, అన్న, ఇద్దరు పంచులు, డాక్టరు, పోలీసులు. అంతే. ఉప్పల్, నాచారంలో అద్దె పోర్షన్ల మధ్య ఒక ఇటుక గోడ. పక్క పోర్షన్ ఆవిడకు వినపడని ఏడుపు ఉంటుందా? ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఇంటి ఓనర్నీ అడగలేదు. గాజులు కుదువపెట్టిన దుకాణం చీటీ, దెబ్బలకు చూపించుకున్న ఓపీ చీటీ ఎవరూ వెతకలేదు. తన చావుకు దారితీసిన పరిస్థితుల గురించి ఆమె స్నేహితురాలికి చెప్పుకున్న మాటనైనా చట్టం సాక్ష్యంగా తీసుకుంటుంది. ఇప్పుడైతే వాట్సాప్ వాయిస్ మెసేజీలున్నాయి. కానీ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయకపోతే కాపీని కోర్టు పక్కన పెడుతుంది.

కట్నం ఒప్పందం రుజువు కాకపోయినా పర్వాలేదని మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్లిన అప్పీలులోనే 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లు కట్టుకోవడానికి అడిగిన డబ్బు కూడా కట్నమేనని 2022లో చెప్పింది. చట్టంలో లోటు లేదు.

పక్క పోర్షన్ ఆవిడ వాంగ్మూలం మొదటి రోజే రాయాలి. సాక్ష్యానికి వస్తే ఆవిడకు ఆ రోజు కూలి పోతుంది. వాయిదా వేసి మళ్లీ రమ్మంటే ఇంకో రోజుది. వచ్చిన రోజే సాక్ష్యం తీసుకుని, బత్తా చేతిలో పెట్టి పంపాలి.