పల్లవి మరల వచ్చునప్పుడు: భిలాయిలో తెలుగు క్రైస్తవ కీర్తన

జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడెమీ బహుమానము లభించినది. ఆ కావ్యమునకు సాహిత్యచరిత్రలలో చోటు దొరకినది. అంతకు చాల ముందే పురుషోత్తమ చౌదరి (1803-1890) కూర్చిన కీర్తనలు మాత్రము ఆరాధన పుస్తకముల దాటి విమర్శకుల బల్లమీదికి వచ్చుట అరుదు. నోట నానినదానిని సాహిత్యముగా లెక్కింపకపోవుట మన పాత అలవాటు.

పర్లాకిమిడి ప్రాంతమున పుట్టి, 1833లో బాప్తిస్మము పొందిన ఈ కవి, రామదాసు కీర్తనల వలన జనమునకు పరిచితమైన పల్లవి చరణముల మార్గమునే పట్టినాడు. చిక్కు ఇచ్చటనే యున్నది. వ్యర్థముగా మాటలను వల్లించుట ప్రార్థన కాదని మత్తయి సువార్త ఆరవ అధ్యాయమున యేసు బోధ. కీర్తనయో, ఆవృత్తి చేతనే బ్రదుకునది. అట్టిది ప్రార్థన యెట్లగును?

చౌదరి మంచి కీర్తనలలో పల్లవి మరల వచ్చినప్పుడు అది మునుపటి పల్లవి కాదు. నడుమ నొక చరణము గడచినది; అందు పాడువాడు తన దోషమునో, అశక్తతనో ఒప్పుకొన్నాడు. ఆ ఒప్పుకోలు పిమ్మట అదే శరణుమాట వేరొక బరువుతో పలుకును. చరణములను విడిచి పల్లవినే పదింతలు చేయు నేటి సభాగానములలో ఈ నడక కానరాదు. ధ్వని పెరుగును, భావము కదలదు.

భిలాయి వంటి చోట ఈ ప్రశ్న మరింత పదునెక్కును. 1955లో సోవియట్ దేశముతో కుదిరిన ఒడంబడికపై వెలసిన ఆ ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు ప్రారంభించినాడు. పనికై అచ్చటికి తరలిన వారిలో తెలుగువారును కలరు. ఫర్నేసుకు ఆదివారము లేదు. ఉదయపు షిఫ్టులో నున్న విశ్వాసికి గుడిగంట అందదు. అతడు లోలోన పాడుకొను కీర్తనకు హార్మోనియము లేదు, మెచ్చువారు లేరు. తలుపు వేసికొని రహస్యమున ప్రార్థింపుమన్నదియు ఆ ఆరవ అధ్యాయమే గదా!

అతని బిడ్డల సంగతి వేరు. హిందీ బడిలో చదివి తెలుగు లిపి నేర్వని పిల్లవాడు ఆ పదములను నాగరిలో వ్రాసికొని పాడినచో రాగము నిలుచును. ‘త్రాహి’ యనగా కాపాడుమని మొఱపెట్టుట యని మాత్రము తెలియదు. ఆత్మతో ప్రార్థించుట చాలదనియు, బుద్ధికి కూడ అందవలెననియు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు పట్టుబట్టినది ఇందులకే.

కీర్తనలను తేలికమాటలలో తిరిగి వ్రాసిన సరిపోవునని వాదింపవచ్చును. పదము మార్చినచో తాళము చెదరును. అంతకంటె పెద్ద నష్టము, తాత పాడినదే మనుమడు పాడుట తప్పిపోవును. కావలసినది ప్రతిచరణమునకు అర్థవివరణ గల ప్రతి. అది బోధకుల పని యని కవిపండితులు తప్పించుకొనదగదు. ఎదుటిపుటలో నాగరి లిపియు నున్నచో, భిలాయిలోని ఆ పిల్లవాడు ముందు చరణము నర్థము చేసికొని, ఆపైని పల్లవి నెత్తుకొనగలడు.